హీరో గారి వీపు

కనిగిరి,
21 జనవరి 1985.

అక్కకు,

సలాం. వారంలో వస్తానని చెప్పి వచ్చినవాణ్ణి, ఇప్పట్లో రాలేను. కోప్పడకుండా చివరిదాకా చదువు.

కుట్టు మేస్త్రి గురునాథం నన్ను ఎందుకు తీసుకొచ్చాడో నీకు తెలుసు. హీరో గారి కోటు లోపల కండలు పెట్టడానికి మద్రాసు నుంచి స్పాంజి ముక్కలు తెచ్చారు. కనిగిరి ఎండకి చెమటపట్టి భుజం మీది కండ మోచేతి దగ్గరికి జారిపోతోంది. చీరాల దూదేకులవాడి చెయ్యి పడితేగాని నిలబడదన్నాడు మేస్త్రి. నిలబెట్టాను. భుజాలకి బూరుగు దూది, ఛాతీకి మామూలు పత్తి, మధ్యలో అడ్డకుట్టు. పరుపు కుట్టినట్టే, కాకపోతే ఈ పరుపు నడుస్తుంది.

కథ చెప్తా విను. అది 1942, యుద్ధం రోజులు. జపాను వాళ్ళు మన సముద్రం ఒడ్డున బాంబులు వేస్తుంటారు. ఒక బక్కవాడు పట్టాళంలో చేరతానని పోతాడు. ఛాతీ కొలిచి పొమ్మంటారు. మూడుసార్లు పొమ్మంటారు. అప్పుడొక డాక్టరు వాడికి ఒక సూది వేస్తాడు. ఆ ఒక్క సూదితో వాడు కొండంత మనిషై ట్యాంకుల్ని ఎత్తి కుదేస్తాడు. సినిమాకి ఇంకా పేరు లేదు. పలక మీద ‘ప్రొడక్షన్ నంబర్ 2’ అని రాసి ఉంటుంది.

చిక్కేమిటంటే హీరో గారు బలంగానూ ఉండరు, బక్కగానూ ఉండరు. కొంచెం పొట్ట. మొన్న నేను చొక్కా విప్పి దూది ఏకుతుంటే డైరెక్టరు లక్ష్మీనరసింహం గారు నడిచిపోతూ ఆగారు. “ఒరేయ్, అటు తిరుగు” అన్నారు. తిరిగాను. “చేతులెత్తు” అన్నారు. ఎత్తాను. పక్కనున్న అసిస్టెంటు జయరావు గారి భుజం మీద చరిచి, “దొరికాడయ్యా మన బక్కవాడు!” అన్నారు.

ఇప్పుడు సూదికి ముందు బక్కవాడి మొహం హీరో గారిది, మెడ కిందంతా నాది. సూది తర్వాత కండలు నేను కూరిన దూది. ఆలోచిస్తే మొహం తప్ప ఆయనది ఏమీ లేదక్కా!

పెళ్ళిచూపుల్లో ఆ షాజాదీ వాళ్ళ మేనత్త నన్ను చూసి “గాలొస్తే పట్టుకోవాల” అన్నది గుర్తుందా? ఆవిడకి చెప్పు, గాలికి కాదు, కెమెరాకి పట్టుకున్నారని.

నా సూదుల సంగతి అడుగుతావని తెలుసు. ఆసుపత్రి బజారు చివరే ఉంది. రేపు వెళ్ళి కాగితం ఇస్తాను.

నీ తమ్ముడు,
జాన్ బాషా.


చీరాల,
28 జనవరి 1985.

చిరంజీవి జాన్ బాషాకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. “వీపు తెర ఎక్కింది, మొహం ఎప్పుడెక్కుద్దో” అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. ఏ సంతలోనూ బక్క ఎద్దుకి గిరాకీ ఉండదురా. మీ సంత ఏదో వేరేగా ఉంది.

ముప్పై సూదులయ్యాయి. ఇంకా అరవై. ఇక్కడి కంపౌండరు రామచంద్రమూర్తి గారు కాగితం రాసిస్తూ ఏమన్నారో మర్చిపోకు. మధ్యలో మానితే పోయిన ముప్పైయీ ఏట్లో పోసినట్టే, మళ్ళీ ఒకటి నుంచి మొదలు, అప్పుడు ఈ మందు పనిచేస్తుందన్న పూచీ కూడా లేదన్నారు. నువ్వు అక్కడి ఆసుపత్రిలో కాగితం ఇవ్వగానే దాని సగం ముక్క ఇక్కడికి పంపిస్తారట. అది వచ్చాక చెప్తానన్నారు.

కాగితం మీద పేరు ఆదాం అని ఉంది. నోరుజారి జాన్ బాషా అనేవు. కనిగిరిలో చీరాల మనుషులు ఉండరని ఏం నమ్మకం? పరుపులు కుట్టే ఇంట్లో క్షయ ఉందని తెలిస్తే మన పరుపు మీద ఎవరు పడుకుంటారు? కూతురి పెళ్ళికి మన చేత పరుపు కుట్టించే తల్లి ఉంటుందా ఈ ఊళ్ళో? నాయన పోయినప్పుడు దూది దుమ్ము గొంతుకి అడ్డం పడిందన్నాం, ఎవరూ ఏమీ అనలేదు. అట్లాగే వెళ్ళిపోవాలి రోజులు.

ఏకేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో. బస్సు డ్రైవరు పిచ్చయ్య చేత వేరుశనగ ఉండలు పంపుతున్నాను, రోజుకి నాలుగు తిను. ఈ నెలలో నీ మెడ కింద గుంట కొంచెం పూడింది. దాన్ని తలుచుకునే నేను నిద్రపోతున్నాను.

అక్క,
జహీరున్నీసా.


కనిగిరి,
19 ఫిబ్రవరి 1985.

అక్కకు,

సలాం. నిన్న దొనకొండలో షూటింగు. అక్కడ తెల్లవాళ్ళ నాటి విమానాల మైదానం ఉంది, పిచ్చిచెట్లు మొలిచి. డైరెక్టరు గారికి పండగే. జపాను సైనికులు అరవై మంది, మన సైనికులు అరవై మంది, అందరూ మన పత్తి కూలీలే. పొద్దున జపాను వాళ్ళుగా చచ్చిపోయినవాళ్ళు మధ్యాహ్నం టోపీ మార్చుకుని మనవాళ్ళుగా కాల్చారు.

బాంబుకని పెట్టిన మందు ఒకటి ఎగిరి పక్కనే మిరప కళ్ళంలో పడింది. ఎండుమిరప పొగ! రెండు సైన్యాలూ తుపాకులు పారేసి ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని తుమ్మారు. యుద్ధం అక్కడితో ఆగిపోయింది. కాయల ఆసామి కర్ర పట్టుకుని కంపెనీ వాళ్ళ వెంటపడ్డాడు. నాకు దగ్గు ఆగలేదు. అది పొగ వల్లే.

ఇక్కడ కంటిన్యుటీ అని ఒక మాట ఉంది. ఒక రోజు తీసిన మనిషి ఇంకో రోజు కూడా అట్లాగే ఉండాలి. పట్టాళం ఆఫీసు వరండా ఇక్కడ తీశారు, లోపలి గది పదిహేను రోజుల తర్వాత తీశారు. వరండాలో బక్కవాడు గదిలోకి అడుగుపెట్టేసరికి లావు కాకూడదు. జయరావు గారి దగ్గర నా పక్కటెముకల ఫోటోలు ఒక ఆల్బమ్ నిండా ఉన్నాయి. మొన్న వాటిని నా పక్కన పెట్టి చూసి, ఎడమవైపు అడుగు ఎముక కనపడటం లేదని డైరెక్టరుతో చెప్పాడు. ఆయన నా దగ్గరికొచ్చి, “ఏరా, ఒళ్ళు చేస్తున్నావ్? సూది వేయకముందే పహిల్వాన్‌వి అయితే నా కథేం గాను?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నీ ఉండలు లైట్ల వాళ్ళకి పంచేశాను. మీ అక్క చేతి వంట బ్రహ్మాండం అన్నారు.

సూది సీనుతో బక్కవాడి పని అయిపోతుంది. అది ఈ నెలలోనే అనుకున్నారు, హీరో గారికి తీరిక లేక వాయిదా పడింది. అంతవరకే.

నా సూదుల గురించి బెంగపడకు. అవి నడుస్తున్నాయి.

జాన్ బాషా.


చీరాల,
2 మార్చి 1985.

జాన్ బాషాకు,

ఉండలు పంచేశావా? నీకు పంపినవి, దేశానికి కాదు.

కంపౌండరు గారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళొచ్చాను. సగం ముక్క రాలేదన్నారు. పోస్టులో ఆలస్యం అయి ఉంటుందని నేనే ఆయనకి సర్దిచెప్పాను. దారిలో నాకు నేను సర్దిచెప్పుకోలేకపోయాను.

మూడు ప్రశ్నలు. సూది ఏ పక్క వేస్తున్నారు? వేసేది ఎవరు, పేరేమిటి? ఇప్పటికి ఎన్ని అయ్యాయి?

అడ్డం తిరగకుండా వాటికి జవాబు రాయి. మీ బావకి తెలియకుండా, ఆయన బయటికెళ్ళినప్పుడు దుకాణం అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

అక్క.


కనిగిరి,
11 మార్చి 1985.

అక్కకు,

సలాం. నువ్వు పోలీసు ఉద్యోగం చేయాల్సింది.

ఒక రోజు కుడి పక్క, ఒక రోజు ఎడమ పక్క వేస్తున్నారు. వేసేది వెంకాయమ్మ అని ఒక నర్సమ్మ. పెద్దావిడ. చేతికి పచ్చబొట్టు ఉంటుంది. ‘ఆదాం బాబూ’ అని పిలుస్తుంది. వాళ్ళ అబ్బాయి మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడట. డెబ్భై నాలుగు అయ్యాయి. సగం ముక్క సంగతి ఆవిడని అడిగితే పంపేశామంది.

ఇక మంచి సంగతి. మొన్న ఛాతీ కొలిచే సీను తీశారు. అదే, పట్టాళం వాళ్ళు టేపు చుట్టి నవ్వేది. టేపు చల్లగా తగిలి నాకు దగ్గొచ్చింది. ఆపుకోబోయాను, ఆగలేదు. వీపంతా ఎగిరెగిరి పడిందట. షాటు పాడుచేశానని భయపడ్డాను. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి వచ్చి, “ఎవరు చెప్పార్రా నీకు దగ్గమని? ఎంత సహజంగా ఉంది!” అన్నారు. దగ్గు ఉంచేశారు. హీరో గారు మద్రాసులో దానికి తగ్గట్టు దగ్గు డబ్బింగు చెప్తారట.

కోటు రెండోది కూడా కుట్టాను. దానికి మునుపటికన్నా పెద్ద భుజాలు. అది తొడుక్కుని హీరో గారు నడిచొస్తుంటే కనిగిరి జనం ఈలలు వేస్తారు. ఆ బలమంతా నా దూది విల్లు మీద ఏకిందని నాకూ గురునాథం మేస్త్రికీ తప్ప ఎవరికీ తెలియదు.

చిన్నప్పటి నుంచీ ఎవరైనా నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాళ్ళే, లేకపోతే జాలిపడేవాళ్ళే. ఇక్కడ నా కోసం లైటు సరిచేస్తారక్కా. నా వీపు మీద వెలుతురు ఎటు పడాలని ఇద్దరు పెద్దమనుషులు పోట్లాడుకుంటారు.

జాన్ బాషా.


చీరాల,
26 మార్చి 1985.

జాన్ బాషా,

ఈ ఉత్తరం ఒంటరిగా ఉన్నప్పుడు చదువు.

శుక్రవారం నేను కనిగిరి వచ్చాను. వేటపాలెం పెళ్ళివారింటికి కొలతలకి పోతున్నానని మీ బావకి చెప్పి ఒంగోలులో బస్సు మారి వచ్చాను. తిన్నగా ఆసుపత్రికే వెళ్ళాను. రిజిస్టరు తీయించాను. ఆదాం లేడు. జనవరిలో లేడు, ఫిబ్రవరిలో లేడు. ఒకవేళ సొంత పేరే చెప్పావేమోనని అదీ చూడమన్నాను. నువ్వూ లేవు. వెంకాయమ్మ అనే నర్సు అక్కడ ఎప్పుడూ లేదట. పచ్చబొట్టు కూడా పెట్టావురా ఆవిడకి! కొడుక్కి ఉద్యోగం కూడా ఇప్పించావు.

తర్వాత కొండ కింద మీ షూటింగు జరిగే చోటికి వచ్చాను. తాడు కట్టి జనాన్ని ఆపారు, వాళ్ళ వెనక నిలబడ్డాను. నువ్వు అటు తిరిగి నిలబడ్డావు, ఒంటి మీద లుంగీ తప్ప ఏమీ లేదు. నీ వీపు చూశాను. జనవరిలో పూడిన గుంటలు మళ్ళీ పడ్డాయి. ఇంకా లోతుగా పడ్డాయి. చేత్తో పట్టి పరుపు బరువు చెప్పేదాన్ని నేను. నిన్ను అంత దూరం నుంచి చూసి చెప్పగలను, ఏడు కేజీలు తగ్గావు. నువ్వు వంగి రాయి ఎత్తబోయి పడ్డావు. మీ డైరెక్టరు కట్ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న ఆమె కూడా కొట్టింది. నీ వెన్నుపూసలకి చప్పట్లు!

నిన్ను పిలవకుండానే వచ్చేశాను. పిలిస్తే అంతమందిలో ఏం అరుస్తానో నాకే తెలియలేదు. అందుకు నన్ను తిట్టుకుంటున్నాను.

ఆ వీపు నీది కాదు. నాయనది. నీకప్పుడు ఆరేళ్ళు, నీకు గుర్తుండదు. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పనిది నీకు చెప్తాను.

నాయనది దూది దుమ్ము అని నీక్కూడా చెప్పాం. కాదు. ఇదే జబ్బు, ఇవే సూదులు. రోజూ నేనే ఆసుపత్రికి తోడు వెళ్ళేదాన్ని, లైన్లో పక్కన కూర్చునేదాన్ని. నలభై సూదులు పడేసరికి ఆయన ఒళ్ళు నిండింది, దగ్గు తగ్గింది. అప్పుడే మీ బావ సంబంధం వచ్చింది. వాళ్ళ పెదనాన్న ఆ ఆసుపత్రి ముందు నుంచే రోజూ సైకిలు మీద పోయేవాడు. ఆయన కంటపడితే సంబంధం తప్పిపోతుందని భయపడేదాన్ని. ఒకరోజు దారిలో నిలబడి, “నాయనా, బాగానే ఉన్నావుగా, ఇక మానెయ్యరాదూ” అన్నాను. ఆయన నా మొహం చూశాడు. “సరేలేమ్మా” అని వెనక్కి తిరిగాడు. ఆ రోజు నుంచి వెళ్ళలేదు. నా పెళ్ళయిన ఎనిమిదో నెలలో పోయాడు.

నాయనని జబ్బు చంపలేదు, నేను చంపాను. నీ కాగితం మీద ఆదాం అని రాయించింది కూడా నేనే. పదిహేడేళ్ళయినా బుద్ధి రాలేదు నాకు.

నాకు పాఠం చెప్పడానికి నువ్వు చచ్చిపోనక్కర్లేదు. వచ్చెయ్యి.

అక్క.


కనిగిరి,
2 ఏప్రిల్ 1985.

అక్కకు,

ఉత్తరం చదివి చించేశాను. మళ్ళీ ముక్కలు ఏరుకుని చదివాను.

నాయన సంగతి నాకెందుకు చెప్పలేదు? ముప్పై సూదులు వేయించుకునేటప్పుడు ఒక్కసారి చెప్పి ఉంటే సరిపోయేది. నాయన దూదితో పోయాడనుకుని, నాది వేరే జబ్బనుకుని, ఇది తగ్గిపోయేదే అనుకుని ధైర్యంగా ఉన్నాను. నువ్వు మీ ఆయన కోసం దాచావు. నేను సినిమా కోసం దాచాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ?

కోపంలో రాశాను. కొట్టేయను, ఉండనీ.

నిజం రాస్తున్నాను. కాగితం ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. నీకు మొదటి ఉత్తరం రాసిన మర్నాడు ఆసుపత్రి దాకా వెళ్ళాను. అప్పటికే డైరెక్టరు గారు నన్ను చూసి బక్కవాడన్నారు. సూదులు పడితే ఒళ్ళు వస్తుంది. ముప్పైకే కొంచెం వచ్చింది, నువ్వే రాశావు గుంట పూడిందని. ఒళ్ళు వస్తే వేషం పోతుంది. పది రోజుల పనే గదా, అయ్యాక వేయించుకుందామనుకున్నాను. పది రోజులు ఇరవై అయ్యాయి, తర్వాత ఇంకో ఇరవై. సూది సీను అయిపోతే బక్కవాడితో వాళ్ళకి పనిలేదు. అప్పుడు తింటాను, అప్పుడు తొంభై కాదు, నూటతొంభై వేయించుకుంటానని రోజూ అనుకుంటున్నాను.

ఇంకొకటి. సోమవారం కోటు కుడి భుజం కూరుతుంటే దగ్గొచ్చింది. చేతిలో ఉన్నది అప్పుడే ఏకిన తెల్లటి దూది. దాని మీద ఎర్రగా పడింది. రూపాయి బిళ్ళంత. ఆ గుప్పెడూ తీసి పొయ్యిలో వేశాను. తర్వాత ఆ రోజు దబ్బనం ముట్టుకోలేదు.

భయంగా ఉందక్కా. కానీ సీను 14న అని ఖాయం చేశారు. పన్నెండు రోజులు. ఇంతదాకా వచ్చి ఇప్పుడు వెళ్ళిపోతే ఆ మూడు నెలల వీపూ వృథా అవుతుంది, ఇంకొకణ్ణి పెట్టి మొదటి నుంచి తీస్తారు. పన్నెండు రోజులు ఎవరికీ చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

జాన్ బాషా.


చీరాల,
8 ఏప్రిల్ 1985.

జాన్ బాషాకు,

చెప్పేశాను.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. లైన్లో ఇరవై మంది. మన వీధి ఖుర్షిదా, చేనేత సొసైటీ వాళ్ళ కోడలు, అందరూ ఉన్నారు. నా వంతు వచ్చాక కంపౌండరు గారితో గట్టిగానే అన్నాను. “అయ్యా, ఆదాం అన్న పేరు కొట్టేయండి. వాడు నా తమ్ముడు జాన్ బాషా. పరుపుల దుకాణం బుడే గారి బావమరిది. వాడికి క్షయ. మా నాయన కూడా దాంతోనే పోయాడు.” రామచంద్రమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పాత పేరు మీద గీత పెట్టి నీ పేరు రాశారు. ఆ అక్షరాలు చూస్తుంటే లోపల ఏదో బరువు దిగిపోయింది.

నేను ఇంటికి చేరేసరికి మాట నాకన్నా ముందే చేరింది. సాయంత్రానికి వేటపాలెం జీడిపప్పు షావుకారు గారి మనిషి వచ్చి ఆరు పరుపులకి ఇచ్చిన దూది వెనక్కి తీసుకుపోయాడు. కుట్టిన రెండు కూడా విప్పి పట్టుకెళ్ళాడు. ఇంకా పోతాయి. పోనీ.

మీ బావకి నాయన సంగతి కూడా చెప్పాను. పెళ్ళికి ముందు దాచానని చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. పొద్దున అటక మీద నుంచి నాయన విల్లు దించి దుమ్ము దులిపి గోడకి తగిలించి, “వాడొస్తే గాలి తగిలే గది కావాల. దుకాణం గది ఎట్టాగూ ఖాళీయేగా, అందులో పడకెయ్యి” అన్నాడు. అంతే మాట్లాడాడు. నా వైపు ఇంకా సరిగ్గా చూడటం లేదు. ఆయన కోపం ఆయనది, నేను భరిస్తాను.

మీ డైరెక్టరు గారికి కూడా ఇదే పోస్టులో ఉత్తరం రాశాను. నీ కాళ్ళు పట్టుకునే బేరం నా దగ్గర చెల్లదు. పన్నెండు రోజులు దాచమన్నావు. నాయన విషయంలో దాచిన ఒక్క మాట బయటపెట్టడానికి నాకు పదిహేడేళ్ళు పట్టింది. నన్ను తిట్టుకో, మొహం చూడనను, కానీ బతికుండి అను.

అక్క.


కనిగిరి,
20 ఏప్రిల్ 1985.

అక్కకు,

సలాం. నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. డైరెక్టరు గారు ఆయనది కుర్చీలో కూర్చుని చదివారు. చదివి తలెత్తి నా కోసం చూశారు. పరుగెత్తుదామనుకున్నాను, నిలబడ్డాను.

మధ్యాహ్నానికి గురునాథం మేస్త్రి కోట్లు రెండూ పెరట్లో వేయించి కిరసనాయిలు పోయించాడు. నేను దూరంగా నిలబడి చూశాను. బూరుగు దూది కదా, భగ్గుమని ఒక్క నిమిషంలో పోయింది హీరో గారి బలం. ఆయన ఒంగోలు పోయి ఎక్స్‌రే తీయించుకున్నారట. నాకు విస్తరి వరండా చివర వేశారు. నేను తప్పు పట్టలేదు. చెప్పకుండా మూడు నెలలు వాళ్ళ మధ్య దగ్గినవాణ్ణి నేను.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాను. అసలు పేరే చెప్పాను. ఉమ్మి పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. ఎడమవైపు మచ్చ పెద్దదయిందట. పాత మందు ఇప్పుడు వింటుందో లేదో రెండు నెలలు వేస్తేగాని చెప్పలేమన్నారు. వినకపోతే అని అడిగాను. డాక్టరు గారు మందుల చీటీ రాసి నా చేతిలో పెట్టారు.

సీను 14న జరగలేదు. నిన్న డైరెక్టరు గారు వచ్చి పది గజాల దూరంలో నిలబడ్డారు. “నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. నీ ఒంటిని చూసి మురిసినవాణ్ణి, అది జబ్బని నాకూ తట్టలేదు. ఆ దగ్గుని మెచ్చుకున్నది నేనే. ఒక్క షాటు మిగిలింది, నీకిష్టమైతే చెయ్యి, లేకపోతే పో” అన్నారు. చేస్తానన్నాను.

చేసేది ఏముంది, చెయ్యి చాపడమే. కానీ డాక్టరు వేషం వేసినాయన నా చెయ్యి పట్టుకోనన్నాడు. జయరావు గారు చేస్తానని చొక్కా చేతులు మడిచి, దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ఎవరూ రాలేదు. చివరికి ఆసుపత్రి నుంచి నర్సమ్మని తీసుకొచ్చారు. ఆవిడ పేరు బాలత్రిపురసుందరి గారు. నిజం మనిషి, నేను కల్పించలేదు. పచ్చబొట్టు లేదు.

ఆవిడకి సంగతి చెప్పి ఖాళీ సూది ఇచ్చారు. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టేసింది. “ఖాళీ సూది గుచ్చడానికి నేను రాలేదండీ. ఇతనికి ఇయ్యాల మందు మొదలెట్టాల. అదైతే ఏస్తా, మీరు తీసుకుంటే తీసుకోండి” అన్నది. సంచీలోంచి పొడి సీసా తీసి నీళ్ళు ఎక్కించి ఊపింది. కెమెరాలో చేతులే పడతాయి గనక గాజులు మోచేతి దాకా నెట్టి డాక్టరు కోటు తొడిగారు ఆవిడకి. “నడుం మీదెయ్యాల, మీ కోసమని చేతికేస్తన్నా, నెప్పెక్కువ ఉంటది నాయనా” అంటూ నా చెయ్యి పట్టుకుంది. పది రోజుల్లో నన్ను ముట్టుకున్న మనిషి ఆవిడొక్కతే. లైట్లు వేశారు. సూది దిగింది. నొప్పికి కాదక్కా, ఆవిడ చెయ్యి వెచ్చగా ఉండి ఏడుపొచ్చింది. ఎట్లాగూ నా మొహం కెమెరాలో పడదు, ఏడ్చాను. డైరెక్టరు గారు చాలాసేపు కట్ అనలేదు.

తర్వాత కథ నీకు తెలుసు. ఆ సూది పడగానే బక్కవాడు లేచి గోడ బద్దలుకొట్టుకుని యుద్ధానికి పోతాడు. నేను చెయ్యి రుద్దుకుంటూ విల్లు, దబ్బనాలు మూటగట్టుకున్నాను. ఇవాళ రెండోది వేయించుకున్నాను. రేపు మూడోది కూడా వేయించుకుని పిచ్చయ్య బస్సెక్కుతాను. కాగితం మీద ఈసారి నా పేరే ఉంది. బావకి చెప్పు, దుకాణం గది కిటికీ తీసి ఉంచమని.

నీ మీద కోపం పోయిందని ఇప్పుడే రాయలేను. నాయన సంగతి ఇంకా మింగుడుపడలేదు. కానీ ఒకటి అడుగుతున్నాను, కాదనకు. ఇంటికొచ్చాక ఇంకా ఎనభై ఏడు ఉంటాయి. రోజూ ఆసుపత్రికి నాతో నువ్వే రావాలి. లైన్లో నా పక్కనే కూర్చోవాలి, అందరూ చూసేట్టు.

నీ తమ్ముడు,
జాన్ బాషా.